లక్ష్మయ్య గారి పేరు చేసిన నేరమేమిటి?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నాను. తీరిక లేనివాళ్లు ఈ ఒక్క పేరా చదివి వదిలేసినా చాలు. మన సభ్యుల జాబితా పాడవడానికి కారణం తెలుగు లిపి కాదు. ఆఫీసులో కంప్యూటర్ పాతదైపోవడం కాదు. కార్యవర్గంలో ఈమధ్య అందరి నోటా వినబడుతున్న ఆ గార్బేజ్ కలెక్టర్ కూడా కాదు. దసమంతపూర్‌లో కూర్చుని నాలుగు నెలలు ఆ పని చేసిన మన పిల్ల అసలే కాదు. కారణం నేను. 2017లో నేను రాసిచ్చిన చిన్న సి ప్రోగ్రాం. అందులో ఒకే ఒక్క వరుస.

ఇప్పుడు మిగతావాళ్లకి.

గత సమావేశంలో రెండు తీర్మానాలు చేశారు. ఒకటి, ఇకమీదట సభ్యుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించాలి, ఎందుకంటే "తెలుగు పెడితే కంప్యూటర్ కూలిపోతోంది". రెండు, జాబితా పని ఆ అమ్మాయి నుంచి తీసేసి బయట ఎవరికైనా డబ్బిచ్చి చేయించాలి, ఎందుకంటే "పిల్ల శ్రద్ధగా చూడలేదు". నేను ఆ రోజు ఊళ్లో లేను. ఉంటే ఈ రెండు తీర్మానాలనీ వ్యతిరేకించేవాణ్ణి. ఇప్పుడు వ్యతిరేకిస్తున్నాను. సర్వసభ్య సమావేశం లోపల రెండూ వెనక్కి తీసుకోవాలని అడుగుతున్నాను. ఊరికే అడగడం లేదు, లెక్క చూపించి అడుగుతున్నాను.

కొత్తగా చేరిన సభ్యుల కోసం వెనకటి కథ కొంచెం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ సీమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మన తాతల కాలం నాటి కాగితాలు తెలుగులో ఎందుకున్నాయని ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. సంఘం రిజిస్టర్లూ తెలుగే. కొన్నేళ్ల కిందట వాటిని ఓ డీటీపీ సెంటర్‌లో టైపు చేయించారు. అప్పుడు యూనికోడ్ మన దాకా రాలేదు. పాత డీటీపీ ఫాంటులో కొట్టారు. ఆ ఫైలు ఇవాళ ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి 2017లో నేను ఓ ప్రోగ్రాం రాశాను. పైపని అంతా పైథాన్‌లో, అక్షరాలు మార్చే ముక్క మాత్రం వేగం కోసం సి భాషలో. వేగం కోసం! ఉన్నది వెయ్యి చిల్లర పేర్లు. అది పైథాన్‌లో రాసి ఉంటే ఓ రెండు సెకన్లు ఎక్కువ పట్టేది, ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు. కుర్రతనం.

ఇన్నాళ్లూ ఆ ప్రోగ్రాం పది పేర్లకో పాతిక పేర్లకో వాడారు, బాగానే పనిచేసింది. ఈ ఏడాది చదువుల సాయం, అంత్యక్రియల సాయం రెంటికీ మొత్తం జాబితా ఒక్కటిగా కావాలన్నారు. ఆ అమ్మాయి మొత్తం రిజిస్టరు ఒక్కసారిగా నడిపింది. మధ్యలో కూలింది. మళ్లీ నడిపింది, ఇంకోచోట కూలింది. తెర మీద ఒకటే మాట, సెగ్మెంటేషన్ ఫాల్ట్.

అప్పుడు మన గ్రూపులో వచ్చిన సలహాలు గుర్తున్నాయా? రోజూ రాత్రి కంప్యూటర్ ఆపి పొద్దున్న పెట్టమన్నారు ఒకరు. ర్యామ్ పెంచమన్నారు ఇంకొకరు. కంప్యూటర్ల సంగతి తెలిసిన ఓ పెద్దాయన, ఆయనంటే నాకు గౌరవమే, కూలిన చోటు ఫొటో తీయించి చూసి, అది గార్బేజ్ కలెక్టర్‌లో కూలుతోంది కాబట్టి కలెక్టర్‌ని ఆపేయమన్నారు. ఇన్‌స్టాగ్రామ్ వాళ్లే ఆపేశారు, మనమెంత, అన్నారు. ఆపేశారు. ప్రోగ్రాం చివరిదాకా నడిచింది. జాబితా ప్రింటయింది. అందరూ చప్పట్లు. చివర్లో ప్రోగ్రాం మూసుకునేటప్పుడు అదే సెగ్మెంటేషన్ ఫాల్ట్ మళ్లీ పడింది కానీ, కాగితం చేతికొచ్చాక తెర ఎవరు చూస్తారు?

ఆ కాగితంలోనే కొన్ని వరుసల్లో మనిషి పేరు ఉండాల్సిన చోట "య్య" అని ఉంది. ఇంకొన్ని చోట్ల "మ్మ". అంతే. ఇంటిపేరు లేదు, పేరు లేదు. సమావేశంలో నవ్వుకున్నారట, య్య గారొచ్చారా, మ్మ గారొచ్చారా అని. పేరు పోయినవాళ్లు నవ్వలేదు. వాళ్లలో ఒకావిడ భర్త పోయి అంత్యక్రియల సాయం కోసం ఎదురుచూస్తున్నారు. జాబితాలో భర్త పేరు లేదని ఆవిడ దరఖాస్తు పక్కన పెట్టారు. "పిల్ల చూసుకోకుండా కొట్టేసింది" అన్నారు. కొట్టడమేమిటి, ఆ అమ్మాయి ఒక్క పేరు కూడా టైపు చేయలేదు, ఉన్న ఫైలు మార్చింది. ఈ సంగతి అడిగినవాళ్లు లేరు.

గార్బేజ్ కలెక్టర్ అంటే ఏమిటో తెలియకుండా దాన్ని తిట్టేవాళ్ల కోసం కాస్త చెబుతాను. ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు ప్రతి పేరుకీ ప్రతి పట్టికకీ మెమరీలో చోటు కావాలి. పని అయ్యాక ఆ చోటు ఖాళీ చేయాలి. సి భాషలో ఆ బాధ్యత రాసేవాడిదే. పైథాన్‌లాంటి భాషల్లో ఆ పని భాషే చూసుకుంటుంది. ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ దీన్ని 1960లోనే రాశాడు. పైథాన్‌లో ముందు ప్రతి వస్తువునీ ఎంతమంది పట్టుకున్నారో లెక్క ఉంటుంది, ఆ లెక్క సున్నా అయితే వస్తువు పోతుంది. ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్న వస్తువుల లెక్క ఎప్పటికీ సున్నా కాదు కదా, వాటికోసం కలెక్టర్ అప్పుడప్పుడూ బయల్దేరుతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నది పైథాన్ 3.8. అందులో, పుట్టిన వస్తువులకీ పోయిన వస్తువులకీ తేడా 700 దాటితే కలెక్టర్ కదులుతుంది. పాతిక పేర్లకి అది బయల్దేరే అవసరమే రాలేదు. ఇన్నేళ్లూ గుట్టు దాగడానికి అదొక కారణం.

అది తిరిగే పద్ధతి చూడండి. మన సంత అయిపోయాక ఊడ్చే మనిషిని ఊహించుకోండి. ఆయనకి దుకాణాల జాబితా చేతికివ్వలేదు. ప్రతి దుకాణం గుంజకీ ఒక చీటీ కట్టి ఉంటుంది, తర్వాతి దుకాణం ఎక్కడో అందులో ఉంటుంది. చీటీ చూసి అక్కడికి వెళ్తాడు, అక్కడి చీటీ చూసి ఇంకోచోటికి. మధ్యాహ్నం ఎవడో పక్క దుకాణంవాడు తన సరుకు పక్కింటి హద్దులోకి తోసి, ఆ చీటీ మీద ఏదో గీకేశాడనుకోండి. సాయంత్రం ఊడ్చే మనిషి ఆ గీకుడునే దారి అనుకుని వెళ్లి నూతిలో పడ్డాడు. నూతి గట్టు మీద గుమిగూడి మనం ఏమంటున్నాం? ఊడ్చేవాణ్ణి మాన్పించేయండి, వాడు రాకపోతే ఎవరూ నూతిలో పడరు, అంటున్నాం. సరుకు తోసినవాడు మధ్యాహ్నమే ఇంటికెళ్లి భోంచేసి పడుకున్నాడు. ఆ పడుకున్నవాణ్ణి నేనే.

ఇన్‌స్టాగ్రామ్ మాటకి వస్తాను. వాళ్లు కలెక్టర్‌ని ఆపిన మాట నిజమే, 2017 మొదట్లో వాళ్లే ఆ సంగతి రాశారు. అయితే వాళ్ల ప్రోగ్రాం కూలడం లేదు. ఒకే మెమరీని చాలా ప్రాసెస్‌లు పంచుకుని వాడుతుంటే, కలెక్టర్ తిరిగినప్పుడల్లా ఆ చీటీలు ముట్టుకోవడం వల్ల పంపకం చెడి మెమరీ ఎక్కువ ఖర్చవుతోందని ఆపారు. ఆదా కోసం చేసిన పని అది. తర్వాత వాళ్ల అవసరం నుంచే పైథాన్ 3.7లో ఫ్రీజ్ అనే సౌకర్యం కూడా వచ్చింది. మనం జబ్బు దాచడానికి చేసింది, వాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి చేసింది ఒకటే ఎలా అవుతుంది? ఆయన ఉపవాసం ఉన్నాడని, కడుపునొప్పి ఉన్నవాడికి అన్నం మాన్పిస్తే నొప్పి తగ్గినట్టా?

నేను ఊరొచ్చాక ఆ అమ్మాయి ఇంటికెళ్లాను. అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. ఓ నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది. ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ ఏ పేజీ దగ్గర కూలిందో రాసుకుంది. ఒక్కోసారి ఒక్కోచోట. కింద ఎర్ర పెన్నుతో ఒక వాక్యం ఉంది. "మావయ్యా, కూలిన పేజీలోనో దానికి ముందు పేజీల్లోనో ప్రతిసారీ ఓ లక్ష్మయ్యో లక్ష్మమ్మో ఉంటున్నారు, సమావేశంలో చెప్పాను, నవ్వారు" అంది. నేను ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల రిపోర్టులు చూశాను. ఇంత పనికొచ్చేది తక్కువ చూశాను. సగం డీబగ్గింగ్ ఆ పిల్ల అప్పటికే చేసేసింది.

ఇక మిగతా సగం. మొదట కలెక్టర్‌ని మళ్లీ నడిపించాను. అంతటితో ఆగకుండా 700 అనే హద్దుని 1 చేశాను. అంటే వస్తువు పుట్టినప్పుడల్లా కలెక్టర్ తిరగాలి. ప్రోగ్రాం నత్తలా నడుస్తుంది, నడవనీ. తప్పు జరిగిన క్షణానికీ కూలిన క్షణానికీ మధ్య దూరం తగ్గడం ముఖ్యం. వారం తర్వాత దొరికిన దొంగతనం కంటే నిమిషంలో దొరికినది నయం కదా. ఊడ్చే మనిషిని మాన్పించమన్నారు మీరు, నేను ఆయన్ని నిమిషానికోసారి తిప్పాను. ఇప్పుడు ప్రతిసారీ ఒకే చోట కూలడం మొదలైంది.

తర్వాత జీడీబీ అనే పరికరంతో ఆ క్షణంలో మెమరీ తెరిచి చూశాను. కూలింది కలెక్టర్‌లోని అప్‌డేట్ రెఫ్స్ అనే ముక్కలో, నిజమే, పెద్దాయన ఫొటోలో చూసిందీ అదే. ఒక పట్టిక తాలూకు చీటీ చెడిపోయి ఉంది. తర్వాతి వస్తువు చిరునామా ఉండాల్సిన ఎనిమిది బైట్లలో ఏముందో ఒక్కొక్కటే చదివాను. ఈ-సున్నా, బీ-సున్నా, ఏ-ఎఫ్. ఈ-సున్నా, బీ-ఒకటి, ఎనిమిది-డీ. ఈ-సున్నా, బీ-సున్నా. అక్కడ ఎనిమిది అయిపోయాయి, తొమ్మిదోది పక్కన ఏ-ఎఫ్, పదోది సున్నా.

కంప్యూటర్‌లో తెలుగుతో పనిచేసినవాళ్లకి ఇది చూడగానే తెలిసిపోతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు, ప్రతిదీ ఈ-సున్నాతోనే మొదలవుతుంది, రెండోది బీ-సున్నా గానీ బీ-ఒకటి గానీ. ఆ మొదటి మూడూ కలిపి య. తర్వాతి మూడూ పొల్లు. ఆ తర్వాతి మూడూ మళ్లీ య. కలిపి చదివితే "య్య". చివరి సున్నా మాట అయిపోయిందని చెప్పే గుర్తు. చిరునామా ఉండాల్సిన చోట లక్ష్మయ్య గారి తోక ఉంది!

అది అక్కడికి ఎలా వచ్చింది? నా పుణ్యమే. పాత ఫాంటులో ఒక గుర్తు ఒక బైటు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం మూడు బైట్లు. కాబట్టి పాత వరుసలో ఎన్ని గుర్తులున్నాయో దానికి మూడు రెట్లు, చివరి సున్నాకి ఒకటి, ఇంత చోటు అడిగితే చాలు అని 2017లో ఈ తెలివైనవాడు లెక్క కట్టాడు. ఆ ఫాంటులో "క్ష" ఒకే గుర్తు అన్న సంగతి మర్చిపోయాడు. యూనికోడ్‌లో అది క, పొల్లు, ష, మూడు సంకేతాలు, తొమ్మిది బైట్లు. వత్తు ఒక గుర్తు, యూనికోడ్‌లో పొల్లూ హల్లూ కలిసి ఆరు బైట్లు. లక్ష్మయ్య అన్న మాట ఆ ఫాంటులో ఐదు గుర్తులు. యూనికోడ్‌లో లెక్కపెట్టండి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, య, పొల్లు, య. తొమ్మిది సంకేతాలు, 27 బైట్లు. నేనిచ్చింది 15.

నేను చూసిన ఆ వరుసలో మొత్తం 21 గుర్తులు, మధ్యలో ఖాళీతో కలిపి. అడిగింది 64 బైట్లు. కావలసింది 74. మిగిలిన పది బైట్లు ఎక్కడికి పోతాయి? పక్కింట్లోకి. పైథాన్ మెమరీలో ఒకే కొలత ముక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఆ వెర్షన్‌లో పట్టికకి, దాని చీటీతో కలిపి, పట్టే చోటు కూడా సరిగ్గా 64. చీటీ మొట్టమొదట ఉంటుంది. మన పేరు తోక తిన్నగా వెళ్లి దాని మీద కూర్చుంది.

మరి ప్రతి లక్ష్మయ్య గారి దగ్గరా ఎందుకు కూలలేదు? పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి. ఖాళీ ముక్క ఉంటే తాత్కాలికంగా గండం గడిచినట్టు కనిపిస్తుంది. కొన్ని వరుసల్లో విడి కొమ్ములూ విడి తలకట్లూ ఎక్కువై చోటు మిగిలేది, అక్కడ ఏ గొడవా లేదు. ఇంకోచోట పక్కన పట్టిక కాకుండా అప్పటికే మార్చి పెట్టిన ఇంకొకరి వరుస ఉంటుంది. నా ప్రోగ్రాం పేజీ మొత్తం మార్చాకే పైథాన్‌కి అప్పగిస్తుంది మరి. ఆ పక్కవారి వరుస మొదట్లో "య్య", వెంటనే మాట అయిపోయిందన్న సున్నా పడుతుంది. ఆ మనిషి ఇంటిపేరూ పేరూ అంతా అక్కడితో సరి. కలెక్టర్‌కి ఇందులో పనే లేదు, దాన్ని ఆపినా నడిపినా ఇది జరుగుతుంది. కానీ కలెక్టర్ నడుస్తున్నప్పుడు ప్రోగ్రాం కూలి "ఏదో చెడింది" అని అరిచేది. నోరు నొక్కాక అరుపు ఆగింది, చెడిన జాబితా శుభ్రంగా ప్రింటయింది. మన దగ్గర జరిగింది ఇదీ.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఎవరైనా చూసుకోవచ్చు. పైథాన్‌లోనే ఒక పరీక్ష ఉంది. పైథాన్‌మాలాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి డీబగ్ అని పెట్టి నడిపితే ప్రతి ముక్క చివరా ఎనిమిది కాపలా బైట్లు పెడుతుంది, అన్నీ ఎఫ్-డీ. ముక్క వదిలేటప్పుడు ఆ కాపలా చెదిరితే అక్కడే ఆపి, ఎన్ని బైట్లు అడిగారో, ఏ కాపలా చెడిందో చెబుతుంది. చెప్పింది. 64 అడిగారు, వెనక కాపలా తొక్కేశారు, అంది. 3.6 వెర్షన్ నుంచీ ఉన్న సౌకర్యం ఇది. పైసా ఖర్చు లేదు. 2017లోనే నేను ఒక్కసారి నడిపి ఉండాల్సింది.

ఇప్పుడు మొదటి తీర్మానం. పేర్లు ఇంగ్లీషులో ఎక్కిస్తే కూలదా? కూలదు. ఒప్పుకుంటాను. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటే కాబట్టి నా తప్పుడు లెక్క దానికి ఎప్పుడూ చాలుతుంది. తప్పు అలాగే ఉంటుంది, కనబడదు. రేపు ఎవరో ఒడియాలో పేరు పెడతారు. ఒడియా అక్షరమూ మూడు బైట్లే, అక్కడా క్ష ఉంది. అప్పుడు ఒడియా కూడా మానేద్దామా? పైగా ఇంగ్లీషులో లక్ష్మయ్య అన్న పేరు మన సభ్యులే ఎన్ని రకాలుగా రాస్తున్నారో మీ ఆధార్ కార్డులు తీసి చూసుకోండి. కె, ఎస్, హెచ్‌తో కొందరు. ఎక్స్‌తో కొందరు, ఈ పక్క అదే అలవాటు. చివర రెండు వైలు కొందరికి, ఐ-ఏ-హెచ్ కొందరికి. తెలుగులో ఈ మనిషికి ఒకటే పేరు. బడిలో ఒకలా, తహసీల్‌లో ఒకలా పడి సర్టిఫికెట్లు తిరిగొచ్చిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఉన్న ఒక్క స్థిరమైన జాబితానీ మన చేతులతో మనమే చెరుపుకోవాలా?

"తెలుగు అక్షరం కంప్యూటర్‌ని కూల్చింది" అన్న మాట నేను రెండోసారి వింటున్నాను. మొదటిసారి 2018 ఫిబ్రవరిలో. గుర్తుందా? ఐఫోన్‌కి ఒక్క తెలుగు అక్షరం పంపితే వాట్సాప్ మూసుకుపోతోందని ప్రపంచమంతా వార్త. జ్ఞానం అనే మాటలోని "జ్ఞా", దాని మధ్యలో కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు చేరితే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో యాప్‌లు కూలేవి. ఆ కనబడని గుర్తు లేకుండా మనం మామూలుగా రాసే జ్ఞానానికి ఏమీ అయ్యేది కాదు. అలాంటి వరుసలే బెంగాలీలోనూ దేవనాగరిలోనూ దొరికాయి. అయినా లోకం నోట్లో పడింది తెలుగు. ఆటపట్టించడానికి ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. మనవాళ్లు కూడా, మన లిపికి ఎంత బలమో అని నవ్వుకున్నారు.

ఆపిల్ ఏం చేసింది? తెలుగు తీసేయలేదు. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసింది. దానితోపాటు పెట్టిన భద్రతా ప్రకటనలో ఈ లోపానికి సీవీఈ-2018-4124 అని నంబరు ఉంది. అక్షరాలు గీసే కోర్‌టెక్స్ట్ అనే తమ సొంత భాగంలో హీప్ మెమరీ చెడుతోందని, లోపలికి వచ్చేదాన్ని సరిగా పరీక్షించేలా మార్చామని రాశారు. అక్షరం మీద ఒక్క మాట లేదు. తప్పు తమ ప్రోగ్రాంది అని ఒప్పుకున్నారు. అంత పెద్ద సంస్థ ఒప్పుకున్నదాన్ని మన సంఘం ఒప్పుకోలేకపోవడమేమిటి? వాళ్లు కూడా మనలాగే తీర్మానం చేసి ఉంటే ఈపాటికి ఐఫోన్లో తెలుగు ఉండేది కాదు.

ఇది నా ఒక్కడి చేతకానితనమూ కాదు, ఆ మాట కూడా చెప్పుకోనివ్వండి. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2019లో తమ లెక్కలు బయటపెట్టారు. ఏటా తాము సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇలాంటి మెమరీ తప్పులేనట. ఇచ్చిన చోటు దాటి రాయడం, వదిలేసిన చోటుని మళ్లీ వాడటం. ఆ మరుసటి ఏడు క్రోమ్ బ్రౌజర్ వాళ్లూ తమ తీవ్రమైన లోపాల గురించి ఇదే నిష్పత్తి చెప్పారు. రస్ట్‌లాంటి భాషలు ఈ బాధ నుంచే పుట్టాయి. అంత జీతాలు తీసుకునేవాళ్లే తప్పు చేసే చోట నేనూ చేశాను. దాన్ని ఓ ఇరవై రెండేళ్ల పిల్ల నెత్తిన రుద్దడం మాత్రం వాళ్లెవరూ చేయలేదు.

మన పిల్లల్ని హైదరాబాద్, విశాఖ పంపి నెలల కోర్సులు చదివిస్తున్నాం. అక్కడ చెప్పే మొదటి మాట, మెమరీ సంగతి మీకెందుకు, కలెక్టర్ చూసుకుంటుంది, అని. సగం నిజం. పైథాన్ రాసినంతసేపూ చూసుకుంటుంది. కింద ఎక్కడో ఒక సి ముక్క ఉంటుంది, ఆ ముక్క హద్దు దాటితే కలెక్టర్ ఏమీ చేయలేదు, తొక్కిన చోట తడబడి పడటం తప్ప. ఈ సంగతి తెలియనివాడికి కూలిన ప్రతిచోటా నేరస్థుడు కనిపిస్తాడు. కొత్త కంప్యూటర్‌కని పక్కన పెట్టిన డబ్బులో కొంత పెట్టి, సెలవుల్లో దసమంతపూర్‌లో ఓ పదిమంది పిల్లలకి ఇది నేర్పిద్దాం. జీడీబీ ఉచితం, వాల్‌గ్రైండ్ ఉచితం, అడ్రస్ శానిటైజర్ ఉచితం. ఆఫీసులో ఉన్న పాత కంప్యూటర్ చాలు. చెప్పడానికి నేనొస్తాను, నా తప్పునే పాఠంగా పెడతాను.

ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఇంత రభస దేనికి బాబూ, తప్పు నీదేనని పోస్టులో రాసేశావు కదా, తీర్మానాలు అలా ఉండనీ, మినిట్స్‌లో ఎక్కిపోయాయి" అన్నారు. మినిట్స్‌లో ఎక్కాయి కాబట్టే అడుగుతున్నాను. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచినవాళ్లకి, మన లిపి పనికిరాదనీ, ఫలానా ఇంటి పిల్లకి శ్రద్ధ లేదనీ ఉంటుంది. నా పేరు ఎక్కడా ఉండదు. నా పేరు రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి. మామూలుగా ఈ సంఘంలో పేరు వేయించుకోవడానికి మనం పడే పాట్లు అందరికీ తెలుసు, ఇది కూడా వేయండి.

సరిచేయడం ఎంతసేపు పట్టిందంటారా? మూడు రెట్లు అన్న చోట, ముందు ఒకసారి చదివి కావలసిన బైట్లు లెక్కపెట్టుకుని అంతే అడిగేలా మార్చాను. రాయడానికి పావుగంట. రాసేటప్పుడు చోటు అయిపోతే ఆగిపోయేలా ఇంకో కాపలా. కలెక్టర్ మళ్లీ మామూలుగా నడుస్తోంది, హద్దు 700 దగ్గరే పెట్టాను. కాపలా బైట్ల పరీక్షతో మొత్తం రిజిస్టరు మూడుసార్లు నడిపాం, నేనూ ఆ అమ్మాయీ. ఒక్కసారి కూడా కూలలేదు. "య్య" లేదు, "మ్మ" లేదు. అంత్యక్రియల సాయం కోసం అడిగిన ఆవిడ భర్త పేరు పూర్తిగా, ఇంటిపేరుతో, ఉండాల్సిన చోట ఉంది. ఆవిడ దరఖాస్తు ఈ వారమే మళ్లీ తీయమని కార్యదర్శి గారిని కోరుతున్నాను, దానికి సమావేశం అక్కర్లేదు.

సరిచేసిన జాబితా నా దగ్గర లేదు, ఆ అమ్మాయి దగ్గరే ఉంది. ప్రతి పేరూ పాత రిజిస్టరుతో పక్కపక్కన పెట్టి తనే సరిచూస్తోంది, ఇంకా నలభై పేజీలున్నాయి. మీ పేరు చూసుకోవాలంటే సాయంత్రం ఆరు తర్వాత తనకే ఫోన్ చేయండి. ముందు సమావేశంలో నవ్వినవాళ్లు చేస్తే ఇంకా మంచిది.